దేశాలు దాటే ఆరోగ్య పరిశోధనలు, వాటి ఎథిక్స్: పీజీ చేయాలనుకునేవారికి

ఈ చదువు గురించి అడిగేవాళ్లలో చాలామంది యూనివర్సిటీల జాబితాతో మొదలుపెడతారు. ఏది పెద్ద పేరు, ఎక్కడ స్కాలర్‌షిప్ వస్తుంది, ఏడాది కోర్సా రెండేళ్లదా అని. అవన్నీ చూడాల్సినవే, కానీ ఆ వరసలో కాదు. ముందు మీ దగ్గర ఒక ప్రశ్న ఉండాలి. ప్రశ్నను బట్టి గైడ్‌ను, గైడ్‌ను బట్టి కోర్సును వెతుక్కోవాలి. ఈ వరస తిరగబడితే మంచి చోట సీటొచ్చినా మొదటి సెమిస్టరంతా ఏం రాయాలో తెలియని టెన్షన్‌తోనే గడుస్తుంది.

సబ్జెక్టు పరిధి ఒక్క మాటలో చెప్పుకుందాం. డబ్బు, ప్రోటోకాల్ (పరిశోధన ఎలా చేయాలో రాసిన పత్రం), మందు ఒక దేశం నుంచి వస్తాయి. సూది వేయించుకునేవాళ్లు, రక్తం ఇచ్చేవాళ్లు ఇంకో దేశంలో ఉంటారు. మధ్యలో రెండు రకాల చట్టాలు, పరిశోధనకు అనుమతిచ్చే రెండు ఎథిక్స్ కమిటీలు, దాన్ని చేయించే ఒక స్పాన్సర్, చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క ఆసుపత్రి. ఎవరు ఎవరికి ఏం చెయ్యాలి, ఎప్పటిదాకా చెయ్యాలి, వద్దని చెప్పే అవకాశం నిజంగా ఎవరికుంది? మీరు చదవబోయేదంతా దాదాపు వీటి చుట్టూనే తిరుగుతుంది. డాక్టరుకీ రోగికీ మధ్య ఉండే వైద్య నీతి దీనికి దగ్గరి చుట్టమే గానీ ఇది అది కాదు. డాక్టరు మీ మేలు కోసం మందిస్తాడు, పరిశోధకుడు జవాబు కోసం ఇస్తాడు.

1. ముందు ప్రశ్న వెతుక్కోండి

‘నాకు బయోఎథిక్స్ అంటే ఆసక్తి’ అన్నది ప్రశ్న కాదు. ‘సమ్మతి పత్రాలు సరిగా ఉండడం లేదు’ అన్నది ఫిర్యాదు. విషయం బాగా తెలిసిన ఇద్దరు, ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే, ఒకరి మాట ఒకరు ఒప్పుకోలేని చోటు దొరికితే అక్కడ ప్రశ్న ఉన్నట్టు.

అలాంటి చోట్లు పాత వివాదాల్లో బోలెడు. అయితే టస్కీగీతో మొదలుపెట్టకండి. 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్య విభాగం అలబామాలో సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా, చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ కూర్చుంది. తెలియాల్సిన చరిత్రే. కానీ అందులో తప్పెవరిదో తేల్చడానికి పీజీ అక్కర్లేదు. వాదన ఇప్పటికీ తెగని కేసులు పట్టుకోండి.

ఒకటి, ఏజెడ్‌టీ వివాదం. హెచ్ఐవీ ఉన్న గర్భిణికి ఏజెడ్‌టీ ఇస్తే బిడ్డకు వైరస్ సోకే ప్రమాదం దాదాపు మూడింట రెండు వంతులు తగ్గుతుందని 1994లో 076 అనే ట్రయల్ తేల్చింది. కానీ ఆ పద్ధతి ఖరీదైనది, పొడవైనది. గర్భంతో ఉన్నప్పుడు మాత్రలు, కాన్పు సమయంలో రక్తనాళం ద్వారా మందు, పుట్టిన బిడ్డకు ఆరు వారాలు సిరప్. పేద దేశాల్లో అది సాధ్యం కాదన్నారు. తక్కువ రోజుల కోర్సు పనిచేస్తుందో లేదో చూడటానికి ఆఫ్రికా, ఆసియా దేశాల్లో ట్రయల్స్ పెట్టారు. వాటిలో చాలాచోట్ల పోల్చి చూడటానికి ఒక గుంపుకు ప్లాసిబో, అంటే మందు లేని ఖాళీ మాత్ర, ఇచ్చారు.

1997లో పీటర్ లూరీ, సిడ్నీ వోల్ఫ్ అనే ఇద్దరు అమెరికా డాక్టర్లు దీన్ని గట్టిగా తప్పుపట్టారు. పనిచేసే మందుందని తెలిసి ఖాళీ మాత్ర ఇవ్వడమేమిటని అడిగారు. వాళ్ల వ్యాసం వచ్చిన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లోనే సంపాదకురాలు మార్సియా ఏంజెల్ దీన్ని టస్కీగీతో పోల్చారు. అమెరికా జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ (ఎన్ఐహెచ్) అధిపతి హెరాల్డ్ వార్మస్, వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) అధిపతి డేవిడ్ సాచర్ అదే జర్నల్‌లో జవాబిచ్చారు. ఆ దేశాల్లో గర్భిణులకు అప్పుడు అందుతున్నది ఏమీ లేదు, కాబట్టి ‘ఏమీ లేకపోవడం కంటే చిన్న కోర్సు మేలా’ అన్నదే అక్కడి ప్రభుత్వాలకు కావలసిన జవాబు అన్నది వాళ్ల వాదన. థాయ్‌లాండ్ ట్రయల్‌లో చిన్న కోర్సు ప్రమాదాన్ని దాదాపు సగానికి తగ్గించింది. ఆ ఫలితం రాగానే ప్లాసిబో ఆపేశారు. ఇప్పుడు చెప్పండి, ఎవరు కరెక్టు? ‘స్టాండర్డ్ ఆఫ్ కేర్’ అంటే ప్రపంచంలో దొరికే మేలైన చికిత్సా, లేక ఆ ఊళ్లో నిజంగా అందేదా?

రెండోది కంబోడియా. హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే టెనోఫోవిర్ మాత్రను సెక్స్ వర్కర్ల మీద పరీక్షించాలనుకున్నారు. సైడ్ ఎఫెక్ట్స్ వస్తే దీర్ఘకాలం వైద్య బీమా కావాలని ఆ మహిళల సంఘం పట్టుబట్టింది. 2004లో ప్రభుత్వం ట్రయల్‌ను ఆపేసింది. మరుసటి ఏడాది కామెరూన్‌లోనూ అలాంటి ట్రయల్‌కే బ్రేక్ పడింది. ఐదారేళ్ల తర్వాత వేరే చోట్ల జరిగిన ట్రయల్స్‌లో ముందుజాగ్రత్త మాత్రలు పనిచేస్తాయని తేలింది, 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మహిళలు తమను తాము కాపాడుకున్నారా, అవకాశం పోగొట్టుకున్నారా? నా మట్టుకు నాకు వాళ్ల డిమాండ్‌లో అన్యాయమేమీ కనిపించదు. అయితే ట్రయల్ ఆగిపోవడం వల్ల నష్టం ఎవరికీ జరగలేదని కూడా అనలేను. సరిగ్గా ఇలాంటి ఇరుకులోనే డిసర్టేషన్‌కు పనికొచ్చే ప్రశ్నలు ఉంటాయి.

ఇంకో మూడు కేసులు మీరే వెతికి చదవండి. నైజీరియాలోని కానోలో 1996 మెనింజైటిస్ సమయంలో పిల్లల మీద ఫైజర్ చేసిన ట్రోవాన్ అనే యాంటీబయాటిక్ ట్రయల్, 2009లో కుదిరిన రాజీ. అమెరికాలో డయాబెటిస్ పరిశోధనకని హవసుపాయి తెగవాళ్లు ఇచ్చిన రక్తాన్ని స్కిజోఫ్రీనియా, పూర్వీకుల వలసల అధ్యయనాలకు వాడుకోవడం. 2015లో గినీలో ఎబోలా వ్యాక్సిన్‌ను ప్లాసిబో లేకుండా, కొందరికి వెంటనే, కొందరికి 21 రోజుల తర్వాత ఇచ్చి పరీక్షించడం.

చేయాల్సిన పని: ఒక కేసు తీసుకోండి. అర పేజీ ఒక పక్షాన, అర పేజీ ఎదుటి పక్షాన రాయండి. రెండో సగం రాసేటప్పుడు చెయ్యి ఆగిపోతుంటే మీకు ఆ కేసు ఇంకా అర్థం కానట్టే. రెండూ రాసేశాక కూడా మనసులో ఏదో మెలిపెడుతుంటే దాన్ని ఒక్క వాక్యంలో పెట్టండి. అదే మీ ప్రశ్న.

2. మూల పత్రాలను పక్కపక్కన పెట్టి చదవండి

మనుషుల మీద పరిశోధన ఎలా చేయాలో చెప్పే నాలుగు పత్రాలివి: నూరెంబర్గ్ కోడ్ (1947), హెల్సింకీ డిక్లరేషన్ (మొదటిది 1964, తాజా సవరణ 2024), బెల్మాంట్ రిపోర్ట్ (1979), అంతర్జాతీయ వైద్య శాస్త్ర సంస్థల మండలి అయిన సియోమ్స్ మార్గదర్శకాలు (ఇప్పుడు వాడుకలో ఉన్నవి 2016 నాటివి, మొత్తం 25). నాలుగూ ఉచితంగానే దొరుకుతాయి.

వీటిని బట్టీ పడితే ఉపయోగం తక్కువ. పాత ప్రతికీ కొత్త ప్రతికీ మధ్య ఏం మారిందో చూడండి. ఉదాహరణకు హెల్సింకీ డిక్లరేషన్‌లో ప్లాసిబో పేరా. 2000 సవరణలో 29వ పేరా కొత్త మందును ఇప్పుడున్న మేలైన చికిత్సతోనే పోల్చాలన్నట్టు బిగించారు. ఏజెడ్‌టీ గొడవ వేడి ఇంకా చల్లారని రోజులవి. రెండేళ్లు తిరగకుండానే, 2002లో, కొన్ని పరిస్థితుల్లో ప్లాసిబో వాడవచ్చంటూ ఒక వివరణ నోటు చేర్చారు. 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, విదేశీ ట్రయల్స్‌కు హెల్సింకీని ప్రామాణికంగా తీసుకోవడమే మానేసి, ట్రయల్స్ ఎలా నడపాలో చెప్పే గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ నిబంధనల వైపు వెళ్లింది. ఒక్క పేరాను వెంబడిస్తే చాలు, నియమాలు రాజీల్లోంచి పుడతాయని తెలిసిపోతుంది.

సియోమ్స్‌లో ముందు చదవాల్సినవి: రెండోది (వనరులు తక్కువగా ఉన్న చోట పరిశోధన), ఐదోది (ట్రయల్‌లో దేనితో పోల్చాలి), ఆరోది (పాల్గొన్నవారి ఆరోగ్య అవసరాలు), పదకొండోది (రక్తం, కణజాల నమూనాలు), ఇరవయ్యోది (విపత్తులు, మహమ్మారులు). మిగతావి అవసరం వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

తర్వాత, పరిశోధన నైతికంగా ఉందో లేదో చూడటానికి ఇమాన్యుయెల్, వెండ్లర్, గ్రేడీ అనే బయోఎథిక్స్ నిపుణులు 2000లో ప్రతిపాదించిన ఏడు ప్రమాణాలు. 2004లో కిలెన్‌తో కలిసి పేద దేశాల పరిశోధనలకని వాళ్లే ఎనిమిదోది చేర్చారు, స్థానికులతో భాగస్వామ్యం అని. కోర్సుల్లో దీన్ని చెక్‌లిస్టులా నేర్పుతుంటారు. నాకది నచ్చదు. ఎనిమిదీ టిక్ పడిన ప్రోటోకాల్‌లో కూడా అన్యాయం ఉండొచ్చు.

ఇవన్నీ పైనుంచి వచ్చినవి. కింది నుంచి వచ్చినదీ ఒకటి చూడండి. దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు తమ మీద పరిశోధన చేసేవాళ్ల కోసం 2017లో సొంతంగా ఒక కోడ్ విడుదల చేశారు. చిన్నది. మాట సూటిగా ఉంటుంది. పరిశోధకులు అడగకుండా ఫొటోలు ప్రచురించిన అనుభవాలు, మాటిచ్చి తప్పిన అనుభవాలు అందులో కనిపిస్తాయి.

3. ఫీజు కట్టే ముందు ఉచిత కోర్సు ఒకటి చేయండి

ట్రీ అనే ఆన్‌లైన్ శిక్షణ, గ్లోబల్ హెల్త్ ట్రైనింగ్ సెంటర్ కోర్సులు, అమెరికా ఎన్ఐహెచ్ బయోఎథిక్స్ విభాగం ఇచ్చే లెక్చర్లు ఉచితం. వాటి సర్టిఫికెట్‌తో అడ్మిషన్ వచ్చేయదు. ఇలాంటి విషయాలు రోజూ చదవగలరో లేదో మీకు తెలుస్తుంది, అంతే. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సర్టిఫికెట్ మాత్రం ఫీల్డుకు వెళ్లేటప్పుడు చాలా సంస్థలు ఎలాగూ అడుగుతాయి, ఇప్పుడే చేసి పెట్టుకోండి.

4. కోర్సు ఎంచుకోవడం

బయోఎథిక్స్ మాస్టర్స్ చాలావరకు తత్వశాస్త్రం వైపు మొగ్గుతాయి. రీసెర్చ్ ఎథిక్స్ పీజీ డిప్లొమాలు కమిటీ పని వైపు మొగ్గుతాయి. పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌లో ఎథిక్స్ ఒకటి రెండు పేపర్లుగా వస్తుంది. ఎథిక్స్ కమిటీలో పనిచేస్తున్నవారికి డిప్లొమా చాలు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మాస్టర్స్ తీసుకోండి. పబ్లిక్ హెల్త్ మార్గం ఉద్యోగపరంగా భద్రమైనదే గానీ ఈ సబ్జెక్టులో లోతు దొరకడం కష్టం.

చాలాకాలంగా ఈ రంగంలో పేరున్నవి కొన్ని: ఆక్స్‌ఫర్డ్‌లోని ఈథాక్స్ సెంటర్, జాన్స్ హాప్కిన్స్‌లోని బర్మన్ ఇన్‌స్టిట్యూట్, టొరంటో జాయింట్ సెంటర్ ఫర్ బయోఎథిక్స్, బెల్జియంలో లూవెన్, ఆస్ట్రేలియాలో మొనాష్, దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బోష్, క్వాజులు-నటాల్. చివరి రెండింటిని పక్కన పెట్టేయకండి. ట్రయల్స్ జరిగే నేల మీద నిలబడి ఈ సబ్జెక్టు చదవడం వేరే అనుభవం.

వెబ్‌సైట్‌లో నవ్వుతున్న విద్యార్థుల ఫొటోలు వదిలేసి ఇవి చూడండి. మీ ప్రశ్న మీద గత నాలుగైదేళ్లలో అక్కడ ఎవరైనా రాశారా? ఆ రాసినవాళ్లు నిజమైన ఎథిక్స్ కమిటీలో కూర్చుంటారా? వాళ్ల వ్యాసాల్లో ట్రయల్ జరిగిన దేశం వాళ్లు సహ రచయితలుగా ఉన్నారా, లేక చివర కృతజ్ఞతల్లో సర్దేశారా? ఈ మూడోది అడగడానికి మొహమాటపడక్కర్లేదు, ప్రచురణల జాబితాలోనే కనిపిస్తుంది. పాత విద్యార్థి ఒకరికి మెయిల్ చేసి, గైడ్ డ్రాఫ్టు ఎన్నాళ్లకు చదివి ఇచ్చేవారో కనుక్కోండి. పెద్ద పేరున్న ప్రొఫెసర్ ఏడాదికి రెండుసార్లు కనిపిస్తే, అంతగా పేరులేని గైడ్ రెండు వారాలకోసారి కూర్చోబెట్టి మాట్లాడితే, రెండోవారినే ఎంచుకోమంటాను.

స్కాలర్‌షిప్‌ల సంగతి: అమెరికాలోని ఫోగర్టీ ఇంటర్నేషనల్ సెంటర్ 2000 నుంచి తక్కువ, మధ్య ఆదాయ దేశాలవారికి రీసెర్చ్ ఎథిక్స్ శిక్షణ కోసం నిధులిస్తూ వచ్చింది. వెల్‌కమ్ ట్రస్ట్, కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌లు కూడా చూడాల్సినవే. వీటి షరతులు మారుతుంటాయి కాబట్టి ఏ ఏటి నోటిఫికేషన్ ఆ ఏడే చదవాలి. సీనియర్ చెప్పిన పాత సమాచారంతో అప్లై చేయకండి.

5. అప్లికేషన్ రాయడం

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మొదటి వాక్యం ‘చిన్నప్పటి నుంచి న్యాయమంటే నాకు ప్రాణం’ అని ఉంటే చదివేవారు రెండో పేజీకి వెళ్లరు. ‘ట్రయల్ ముగిశాక ఆ మందు పాల్గొన్నవారికి ఎన్నాళ్లు ఉచితంగా ఇవ్వాలన్నది ప్రోటోకాల్‌లో రాయకపోవడం వల్ల ఫీల్డు సిబ్బంది ఏం సమాధానం చెబుతున్నారో తెలుసుకోవాలనుకుంటున్నాను’ అని ఉంటే ఆగి చదువుతారు. తేడా భాషలో లేదు, ప్రశ్న ఉండటంలో ఉంది. అందుకే మొదటి మెట్టు మీద అంతసేపు నిలబెట్టాను.

డాక్టర్లు, నర్సులు, ఫార్మసీ చదివినవారు, లాయర్లు, సోషల్ వర్క్ చేసినవారు, అందరినీ తీసుకుంటారు. సైన్సు వైపు నుంచి వచ్చేవారు ఇబ్బంది పడేది రైటింగ్ శాంపిల్ దగ్గర. ల్యాబ్ రిపోర్టు పంపకండి. పైన చెప్పిన రెండు అర పేజీలనే పెంచి, చివర మీ నిర్ణయం, దానికి వచ్చే బలమైన అభ్యంతరం, దానికి మీ జవాబు చేర్చి నాలుగైదు పేజీలు చేయండి. సిఫారసు లేఖల్లో ఒకటైనా మీరు పనిచేస్తుండగా చూసినవారి నుంచి ఉండాలి. మీ పేరు సరిగా గుర్తులేని డీన్ సంతకం కంటే ట్రయల్ కోఆర్డినేటర్ రాసిన రెండు పేరాలకు బరువెక్కువ.

6. క్లాసులో ఏం పట్టుకోవాలి

రెండు భావనలు గట్టిగా పట్టుకోండి. ఒకటి, ట్రయల్‌లో చేరినవాళ్లు అక్కడ జరిగేదంతా తమ చికిత్స కోసమే అనుకోవడం. పాల్ అపెల్‌బామ్, సహచరులు 1982లోనే దీన్ని గుర్తించి థెరప్యూటిక్ మిస్‌కన్సెప్షన్ అని పేరు పెట్టారు. సంతకం ఉన్నంత మాత్రాన అర్థమైనట్టు కాదనడానికి ఇదే మూలం. వేరే ఆసుపత్రి లేని చోట ఈ అపోహ తీర్చడం ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ ట్రయల్ క్లినిక్‌లో దొరికే వైద్యం నిజంగానే మిగతా చోట్ల కంటే మెరుగ్గా ఉండొచ్చు.

రెండోది దోపిడీ. ఇద్దరికీ లాభమే, ఇద్దరూ ఇష్టపడే ఒప్పుకున్నారు, అయినా ఒకరిని వాడుకున్నట్టేనా? అలన్ వర్ట్‌హైమర్ అనే తత్వవేత్త ఈ చిక్కుముడి మీద చాలా రాశారు. అలాంటి ఒప్పందం అన్యాయమైనదే కావచ్చు, కానీ దాన్ని నిషేధిస్తే పేదవాడికి అంతకంటే నష్టం జరగొచ్చంటారు. చదువుతుంటే కోపం వస్తుంది. ఎందుకు తప్పో రాయబోతే అంత తేలిక కాదు. ఆ కష్టం పడండి, కోర్సు మొత్తంలో మీకు ఎక్కువ పనికొచ్చేది అదే.

కమిటీ మీటింగులకు పరిశీలకులుగా వెళ్లే అవకాశం ఉంటే క్లాసు వదులుకునైనా వెళ్లండి. ముందుగా ప్రోటోకాల్ చదవమంటారు. మొదటి పేజీ నుంచి కాకుండా ఈ వరసలో చదివి చూడండి: పాల్గొన్నవారికి హాని జరిగితే ఎవరు భరిస్తారు, పోల్చే గుంపుకు ఏమిస్తున్నారు, నమూనాలు దేశం దాటి వెళ్తాయా, వెళ్తే ఎన్నేళ్లు ఉంటాయి, ఎవరి అదుపులో ఉంటాయి, ట్రయల్ అయ్యాక మందు ఎవరికి దొరుకుతుంది. సైన్సు భాగం ఆ తర్వాత. స్పాన్సర్ దేశంలో కమిటీ ఒప్పుకుందన్న కాగితం చూసి స్థానిక కమిటీ మెత్తబడటం మీకు అక్కడే కనిపించొచ్చు. సమీక్ష రెండుసార్లు జరగాలన్న నియమం ఉన్నదే అలా జరగకుండా ఉండటానికి.

7. డిసర్టేషన్

ప్రశ్నను మీరు అనుకున్నదానికంటే చిన్నది చేయండి. ‘ఆఫ్రికాలో సమ్మతి’ కాదు. ఒక ట్రయల్, ఒక క్లినిక్, మధ్యలో మానేస్తామన్నవారికి ఫీల్డు వర్కర్లు ఏం చెబుతారు. ఇంత చాలు.

అనుమతుల పని కోర్సు మొదలైన కొద్ది వారాల్లోనే మొదలుపెట్టాలి. మీ యూనివర్సిటీ కమిటీ, ఫీల్డు ఉన్న దేశంలోని కమిటీ, ఆ ట్రయల్ నడిపే సంస్థ, కొన్ని దేశాల్లో వీటికి తోడు ఆరోగ్య మంత్రిత్వ శాఖ. నెలలు పడుతుంది, ఒకదాని జవాబు వస్తేగానీ ఇంకోటి కదలదు. ఫీల్డు అనుమతి రాకపోతే ప్రచురితమైన పత్రాలతోనే పూర్తి చేయగల రెండో ప్లాన్ గైడ్‌తో ముందే మాట్లాడి ఉంచుకోండి.

మీ ఇంటర్వ్యూల్లో మాట్లాడేది చాలావరకు ట్రయల్ సిబ్బంది. వాళ్ల ఉద్యోగం స్పాన్సర్ చేతిలో ఉంటుంది. ఎనిమిది మంది పనిచేసే క్లినిక్‌లో ‘ఒక సీనియర్ నర్సు’ అని రాస్తే పేరు రాసినట్టే. కాబట్టి హోదా, వయసు, ఆడామగా వివరాలు ఎక్కడ తీసేయాలో ముందే నిర్ణయించుకోండి. క్లినిక్ పేరు కూడా.

ఇంకొకటి, దీని గురించి చాలా కోర్సుల్లో సరిగా చెప్పరు. ఫీల్డులో మీ కళ్లముందే తప్పు జరిగితే? సంతకం పెట్టని మనిషి రక్తం తీస్తుంటే? అప్పుడు ఆలోచిద్దామంటే కుదరదు. ఎలాంటిది చూస్తే ఎవరికి చెబుతారు, ఎంతలోపు చెబుతారు అన్నది ప్రోటోకాల్‌లోనే రాయండి, మీ ఇంటర్వ్యూ సమ్మతి పత్రంలోనూ రాయండి. గోప్యత ఎక్కడిదాకానో మాట్లాడేవారికి ముందే తెలియాలి. దీనివల్ల కొందరు నోరు విప్పకపోవచ్చు. ఆ నష్టానికి సిద్ధపడాల్సిందే.

రిపోర్టు అయ్యాక దాని సారాంశం రెండు పేజీల్లో, అక్కడివారు చదవగల భాషలో, ఆ క్లినిక్‌కు పంపండి. ఫీల్డు కోఆర్డినేటర్ ప్రశ్నను మలచడంలోనో విశ్లేషణలోనో నిజంగా పాలుపంచుకుంటే వ్యాసంలో వారి పేరు ఉండాలి. ఈ సంగతి మొదటి మీటింగులోనే మాట్లాడుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

8. చదువయ్యాక

బయోఎథిసిస్ట్ అన్న హోదాతో ఉండే ఉద్యోగాలు తక్కువ. ఎక్కువమంది పాత వృత్తిలోకే ఈ చదువును కలుపుకుని తిరిగి వెళ్తారు. దొరికే పనులు ఎథిక్స్ కమిటీ కార్యాలయాల్లో, ట్రయల్స్ నడిపే సంస్థల్లో కమ్యూనిటీతో మాట్లాడే బాధ్యతల్లో, నిధులిచ్చే సంస్థల్లో, బోధనలో ఉంటాయి. ఎన్ఐహెచ్ బయోఎథిక్స్ విభాగం ఇచ్చే రెండేళ్ల ఫెలోషిప్‌కు పోటీ ఎక్కువ, అయినా అప్లై చేయడం దండగ కాదు.

ఉద్యోగం దొరికేలోపు మొదలుపెట్టగల పని ఒకటుంది. ఎథిక్స్ కమిటీల్లో వైద్యులు కానివారు, సంస్థకు బయటివారు కూడా ఉండాలన్నది చాలా దేశాల్లో నియమం, అలాంటివారు దొరకడం కమిటీలకు కష్టమవుతుంటుంది. దగ్గరలోని కమిటీ సభ్య కార్యదర్శికి ఒక పేజీ లేఖ, మీ డిసర్టేషన్ సారాంశం పంపండి. మొదట పరిశీలకులుగా పిలిచినా వెళ్లండి. ఏ సంస్థ ట్రయల్‌లోనైనా మీకు జీతమో కన్సల్టెన్సీయో ఉంటే ఆ లేఖలోనే రాసేయండి.